దూరపు చూపునకు నిలుకడ: బరువైన టెలిఫోటో కటకమునకు తగిన స్టాండుతల

(ఉపన్యాస పాఠము)



రజతోత్సవ సభలో కెమెరా స్టాండును గూర్చి ప్రసంగమేమని కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఉప్పలగుప్తము ప్రాంతమున నేడు కెమెరా పట్టిన చేయి లేని వీధి అరుదు. పెండ్లిండ్లకును, తీర్థములకును చిత్రములు తీసి జీవించువారు కొందరు. తెల్లవారక మునుపే ఎస్.యానాం తీరమునకో, వాసాలతిప్పకో పోయి పక్షుల చిత్రములు తీయువారు మరికొందరు. వీరిలో పెక్కురు మొదట కెమెరా కొందురు. తరువాత అప్పుచేసియైనను పొడవైన కటకము కొందురు. చేతిలో మిగిలిన సొమ్ముతో స్టాండు కొందురు. ఆ స్టాండు మూడుకాళ్ళకును కెమెరాకును నడుమనుండి, అటునిటు త్రిప్పుటకును పైకి క్రిందికి వంచుటకును వీలిచ్చు భాగమును గూర్చి మాత్రము ఆలోచింపనే ఆలోచింపరు. ఆ భాగమునే ఫొటోగ్రాఫర్లు 'హెడ్డు' అందురు. తెలుగున 'తల' అన్న సరిపోవును. ఈ ప్రసంగమంతయు ఆ తలను గూర్చియే.

పొడవైన కటకమునకు ఇంత పట్టుదలగల ఆధారమెందుకు కావలసివచ్చినదో ముందు తెలియవలెను. ఇందులకు కొంచెము లెక్క అవసరము. నాభ్యంతరము 600 మిల్లీమీటర్లు గల కటకమును, 36 మిల్లీమీటర్ల వెడల్పు గల చిత్రఫలకమున్న కెమెరాకు తగిలించినచో, 100 మీటర్ల దూరమున 6 మీటర్ల వెడల్పు గల దృశ్యము మాత్రమే దానికి కనబడును. చేయి చాచి రెండువ్రేళ్ళు జోడించి ఆకాశమునకు అడ్డుపెట్టిన ఎంత మేర మరుగగునో, ఆ కటకము చూచునది సుమారుగా అంతే. ఫలకముపై అడ్డముగా 6000 చుక్కలున్నవనుకొనిన, ఒక్కొక్క చుక్క వంతునకు వచ్చునది 1 మిల్లీమీటరు. అనగా చిత్రము తీయు క్షణములో కటకపు చూపు నూరు మీటర్ల అవతల నొక్క మిల్లీమీటరు జరిగినను, ఆ జాడ చిత్రమున పడును. గాలి తగిలినను, మీట నొక్కిన వ్రేలి అదురు సోకినను అంతకంటె ఎక్కువయే జరుగును.

కటకములోనే అదురును సరిదిద్దు యంత్రము నేడు ఉన్నది కదా యని అడుగవచ్చును. ఉన్నది, మంచి సాధనమే. అది చేతివణుకును చాలవరకు మాన్పును. కాని అయిదు కిలోల బరువును గంటసేపు మోసిన భుజపునొప్పిని అది మాన్పలేదు. కొన్ని పాత కటకములలో, స్టాండుపై నిలిపినప్పుడు ఆ యంత్రమును ఆపవలసియుండును. లేనిచో అదురు లేనిచోట అదురును వెదకి, తానే చిత్రమును చెరచును.

ఇక బరువు సంగతి. బరువొక్కటే చిక్కు కాదు. సికింద్రాబాదులో స్టూడియో నడపి, ఆరవ నిజామునకు ఆస్థాన ఛాయాగ్రాహకుడై పేరొందిన రాజా దీన్‌దయాళ్ కాలమున గాజుపలకల కెమెరాలు పెద్ద పెట్టెలవలె ఉండెడివి. వానిని కొయ్య ముక్కాలిపై నిలిపి, మరలు బిగించిన చాలును. ఎదుటనున్న ప్రభువు గాని, కోటబురుజు గాని ఎగిరిపోవునది కాదు. బరువును కదలకుండ నిలుపుట సులభము. బరువును ఎల్లవేళల కదలించుచు, ఆపిన చోటనెల్ల నిలుచునట్లు చేయుట కష్టము. నత్తకొంగ వరిచేనిలో నుండి లేచినప్పుడు అయిదు కిలోల సాధనము దానివెంట వ్రేలితో త్రోసినట్లు తిరుగవలెను. అది చెట్టుపై వ్రాలినప్పుడు చేయి తీసినను నిలువవలెను. తల చేయవలసిన పని ఇది.

తలలు ముఖ్యముగా నాలుగు విధములు. రెండు మూడు పిడులతో ఒక్కొక్క దిక్కును విడివిడిగా బిగించు పాతరకపు తల ఒకటి. అది ఇండ్లను, గోపురములను తీయువారికి మేలైనది; పక్షులకు పనికిరాదు. ఒక పిడి వదలి రెండవది పట్టుకొనులోపల లకుముకి పిట్ట చేపను మ్రింగి తుమ్మకొమ్మపై కూర్చుండును. రెండవది గుండుతల, అనగా బాల్ హెడ్డు, మూడవది గింబల్, నాలుగవది ఫ్లూయిడ్ హెడ్డు. తగవులన్నియు ఈ మూటి నడుమనే.

గుండుతలలో ఒక లోహపు గుండు గిన్నెలో కూర్చుండును. మర వదలిన అన్ని దిక్కులకును తిరుగును, బిగించిన నిలుచును. చిన్నది, తేలికయైనది, చౌకయైనది. చిన్న కటకములకు దీనిని మించినది లేదు. కాని బరువైన కటకమును దీనిపై నిలిపినప్పుడు బరువంతయు గుండునకు పైననుండును. వ్రేలిపై కర్రను నిలువుగా నిలబెట్టుట వంటిదిది. నిట్టనిలువుగా ఉన్నంతసేపు సుఖమే. కొంచెము వంగెనా, ఇంకను వంగనే చూచును. కెమెరాయు కటకమును కలిసి 5 కిలోలనియు, వాని గరిమనాభి గుండుకంటె 12 సెంటీమీటర్లు పైనున్నదనియు అనుకొందము. దానిని 30 డిగ్రీలు వంచిన, 30 సెంటీమీటర్ల కర్రచివర 1 కిలో రాతిని వ్రేలాడదీసినంత త్రిప్పుడుబలము ఆ మరపై పడును. మర బిగువుగానున్న ఆగును. పక్షివెంట త్రిప్పుటకై మరను వదలినచో కటకము ముక్కు క్రిందికి దభాలున వ్రాలును. స్టాండు కాలికిని కటకమునకును నడుమ వ్రేళ్ళు చిక్కిన నలిగిపోవును. బరువు ఒక్కపెట్టున ప్రక్కకు పడుటచే స్టాండే ఒరిగిపోవుటయు కలదు. క్రొత్తగా కొన్నవారికి మొదటి దినముననే తగులు దెబ్బ ఇది. కొత్త 600 మిల్లీమీటర్ల ఎఫ్4 కటకము వెల పదిలక్షల రూపాయలకు పైమాటయని తలచిన, ఆ దెబ్బ ఎంతటిదో తెలియును.

అంగడిలో ఈ సంగతి ఎవరును చెప్పరు. పెట్టెపై '20 కిలోలు మోయును' అని ముద్రించియుండును. కొనువాడు తన కటకము మూడు కిలోలే గదా యని సంతోషించును. ఆ అంకె ఎట్లు కట్టినదో చూడవలెను. బరువును సరిగా నడినెత్తిపై పెట్టి, గుండు జారకుండ ఎంతవరకు నిలుచునో కొలిచిరా, వంచి కొలిచిరా, ఎంత వంచి కొలిచిరి? తయారీదారులందరకును ఒకే కొలమానము లేదు. కావున ఒక పెట్టెపై 20 యును, మరియొక పెట్టెపై 12 యును ఉన్నంతమాత్రమున మొదటిది గట్టిదని చెప్పరాదు. బజారులో కుండ కొనువారు మ్రోగించి చూతురే గాని, కుమ్మరి చెప్పిన మాట విని పోరు. తలను పరీక్షించుటకును అటువంటి మ్రోత ఒకటి కలదు. దానిని ముందు చెప్పబడును.

బరువును గుండుపై నిలుపుటకు మారుగా ఊయలలో వేసినచో? గింబల్ తల సూత్రము ఇదియే. కోనసీమ రైతునకు ఇది క్రొత్తది కాదు. కావడి మోయువాని భుజముపై బద్ద ఉండును. బరువు భుజమునకు క్రింద వ్రేలాడును. బద్ద రెండు ప్రక్కల తూగినంతకాలము అతడు ఒక్క వ్రేలితో దానిని సరిదిద్దుకొనుచు మైళ్ళు నడచును. అదే బరువు తట్టలో నెత్తిపై పెట్టిన మెడ నొప్పియెత్తును. గింబల్ తలలో ఒక నిలువు దూలము లేచి, దాని ప్రక్కనుండి ఊయల వ్రేలును. ఊయలలో కటకము కూర్చుండును. కటకపు గరిమనాభి ఊయల ఇరుసుతో సరిగా కలిసినచో బరువు ఎటును లాగదు. మరలన్నియు వదలినను, కటకమును ఏ కోణమున విడిచిన ఆ కోణముననే నిలుచును.

ఈ యూయల చాల ప్రాచీనమైనది. ఒకదానిలో నొకటి తిరుగు వలయముల నడుమ వస్తువును వ్రేలాడదీయు పద్ధతికి ఐరోపావారు 16వ శతాబ్దిలోని ఇటలీ పండితుడైన కార్డానో పేరు పెట్టిరి. అయితే దానిని కనుగొన్నవాడు ఆయన కాడు. అంతకు ఎన్నో శతాబ్దులకు పూర్వమే చైనాలో టాంగ్ వంశీయుల కాలమున, దొర్లించినను నిప్పు ఒలుకని వెండి ధూపపు గోళములు ఇదే సూత్రముపై చేసిరి. ఓడలలోని దిక్సూచియు అట్లే వ్రేలును. గౌతమి ముఖమున కోరంగి రేవు ఒకప్పుడు తెరచాప ఓడలకు పుట్టినిల్లు. ఓడ ఎంత ఊగినను సూచి మట్టముగా నుండుట చూచిన సరంగులకు గింబల్‌ను గూర్చి ఉపన్యాస మక్కరలేదు. దీనిని పొడవైన కెమెరా కటకములకు అమర్చి పేరు తెచ్చినవారు అమెరికాలోని వింబర్లీ అను తండ్రి కొడుకులు. 1990ల తొలినాళ్ళ నుండి వారి తల అడవిచిత్రములు తీయువారి నడుమ వ్యాపించెను. నేడు అనేక సంస్థలు అట్టివానిని చేయుచున్నవి.

ఇచ్చట నొక హెచ్చరిక. పెండ్లి వీడియోలు తీయువారు చేతబట్టుకొని నడచు మోటారు పరికరమునకును 'గింబల్' అనియే పేరు. అంగడివానికి ఫోనులో 'గింబల్ కావలె'నన్నచో అదియే పంపును. 'స్టాండుపై బిగించు, మోటారు లేని, టెలిఫోటో గింబల్ హెడ్డు' అని విడమరచి చెప్పవలెను.

గింబల్ కొన్నంతమాత్రమున పని తీరదు, తూకము కుదుర్చుకొనవలెను. కటకము పాదమునకు పొడవైన ప్లేటు బిగించి, కెమెరాయు, బ్యాటరీయు, కటకము ముందరి గొట్టపు కప్పుయు తగిలించిన పిమ్మటనే తూకము చూడవలెను; అవి లేకుండ కుదిర్చిన తూకము అవి పెట్టగానే చెడును. ముందుగా ప్లేటును ముందువెనుకలకు జరుపుచు కటకము అడ్డముగా నిలుచునట్లు చేయవలెను. తరువాత ఊయల అడుగు పలకను పైకిగాని క్రిందికిగాని జరుపవలెను. ముక్కు వంచి వదలినప్పుడు తనంత తాను లేచి మట్టమునకు వచ్చిన బరువు మరీ క్రిందనున్నదని గుర్తు. ఇంకను వంగిపోయిన మరీ పైనున్నదని గుర్తు. ఈ రెండవదానిని పెక్కురు చూడక, మరను కొంచెము బిగించి సరిపుచ్చుకొందురు. అప్పుడు వారు గింబల్ వెల ఇచ్చి గుండుతలను వాడుకొనుచున్నట్లే లెక్క.

జూము కటకములతో మరియొక తంటా కలదు. 150 నుండి 600 మిల్లీమీటర్ల వరకు సాగు కటకములు సాగినప్పుడు గొట్టము ముందుకు వచ్చి బరువును ముందుకు లాగును. ఎక్కువగా వాడు పొడవులోనే తూకము కుదుర్చుకొని, మిగిలినవానికి కొంచెము బిగువుతో సర్దుకొనవలెను. సోనీవారి 200-600 వంటివి లోలోపలనే సాగును గనుక ఆ బాధ తక్కువ.

ప్లేటును గూర్చి రెండుమాటలు. ఆర్కా-స్విస్ అను సంస్థ పేరుతో వాడుకలోనికి వచ్చిన, సుమారు 38 మిల్లీమీటర్ల వెడల్పు గల గాడిప్లేటు నేడు దాదాపు అందరికిని ప్రమాణమైనది. అయితే సంస్థకును సంస్థకును వెంట్రుకవాసి తేడాలున్నవి. మరతో బిగించు దవడ ఆ తేడాను సర్దుకొనును. మీటతో మూయు దవడ ఒక ప్లేటునకు బిగువుగాను మరియొకదానికి వదులుగాను ఉండవచ్చును. ప్లేటు రెండు చివరలను అడ్డుమరలు లేనిచో, దవడ వదులైననాడు కటకము జారి నేలపాలగును. కానీ ఖరీదు చేయని ఆ చిన్నమరలను చిక్కని తీసి పారవేయువారున్నారు! అట్లే తలయడుగున 3/8 అంగుళపు మర ఉండును. బరువైన కటకమును ఎడమకు పదేపదే త్రిప్పుచున్నచో ఆ మర మెల్లమెల్లగా ఊడివచ్చును. మంచి స్టాండులలో దానిని క్రిందనుండి అదుముటకు చిన్న మరలుండును. అవి ఉన్నవో లేవో కొనునప్పుడే చూచుకొనవలెను.

ఫ్లూయిడ్ తల కదిలే బొమ్మలకు పుట్టినది. దాని పలకల నడుమ చిక్కని ద్రవముండును. పడవలో తెడ్డును నీటిలో మెల్లగా లాగిన నీరు దారి యిచ్చును. విసురుగా లాగిన ఎదురుతిరుగును. ఆ గుణమునే ఇచ్చట వాడుకొనిరి. కావున చేయి కుదుపు కెమెరాకు చేరక మునుపే అణగిపోవును. వంగిన బరువును తిరిగి పైకి నెట్టుటకు లోపల స్ప్రింగు ఉండును; దాని బలమును మెట్లు మెట్లుగా మార్చుకొందురు. ఆ మెట్టు కెమెరా బరువునకు సరిపోయినచో తల గింబల్ వలెనే నిలుచును. సరిపోనిచో ఒక ప్రక్కకు తన్నును. కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థమును చిత్రించు వారికి దీనిని మించినది లేదు. గంగలకుర్రు ప్రభను భుజముల నెత్తుకొని కౌశిక నీటిలోనికి దిగినప్పుడు, అది ఊగుచు తీరమెక్కువరకు ఒకే ధారగా దానివెంట చూపు సాగవలెను. గింబల్‌తో ఆ ధార కష్టము, గుండుతలతో అసంభవము. కాని ఎగిరే పక్షి చిత్రమునకు ద్రవపు బిగువు అడ్డుపడును. పైగా బరువు, బురదగట్టుపై రెండుమైళ్ళు మోయవలసినవాడు ఆలోచించుకొనవలెను.

మరి ఎవరికేది తగును? కటకపు బరువే మొదట నడుగవలెను. నేడు విరివిగా కొను జూములు - సిగ్మా కాంటెంపరరీ 1.93, టామ్రాన్ రెండవ తరము 2.01, సోనీ 200-600 సుమారు 2.1, నికాన్ 200-500 సుమారు 2.3 కిలోలు - రెండుకిలోల మేరవి. వీనికి పెద్ద గుండు గల మంచి గుండుతలయు, దానిపై బిగించు చిన్న ప్రక్కగింబల్‌ను చాలును; పెద్ద గింబల్‌ను మోయుట వ్యర్థశ్రమ. కానన్‌వారి 600 మిల్లీమీటర్ల ఎఫ్4 కటకమును చూడుడు: 1999 నాటిది 5.36 కిలోలు; తరువాతి తరము 3.92; 2018 నాటిది 3.05. కొత్తదానిని యువకులు చేతబట్టియే చిత్రములు తీయుచున్నారు. అయితే కోనసీమ కుర్రవాని చేతికి వచ్చునది కొత్తది కాదు. ఎవరో వాడి అమ్మిన పాత అయిదుకిలోలదే వచ్చును. కటకము చౌకయైనందున తలయును చౌకది చాలునని అతడనుకొనును. నిజమునకు పాత కటకము కొన్నవానికే పెద్ద గింబల్ అత్యవసరము. కటకపు బేరమాడునప్పుడే తల వెలను కలిపి లెక్కించుకొననిచో, ఆ బేరము బేరము కాదు.

ఇక ముందు చెప్పుదుమన్న పరీక్ష. స్టాండుకాళ్ళు వెడల్పుగా పరచి, నడుమ కమ్మిని పైకెత్తక, తన కటకమునే తగిలించి, దూరపు కొబ్బరిచెట్టు గెలలో ఒక కాయను గురిచూడవలెను. కెమెరా తెరపై ఆ కాయను పదిరెట్లు పెద్దదిగా చేసి, కటకపు కొసను వ్రేలితో మెల్లగా తట్టి, కదలిక ఆగువరకు లెక్కపెట్టవలెను. ఒకటి, రెండు అనులోపల ఆగిన తల మంచిది. అయిదారు వరకు ఊగుచునే ఉన్న, పెట్టెపై ఎంత పెద్ద అంకె ఉన్నను విడిచిపెట్టవలెను. తరువాత మర బిగించి చేయి తీసినప్పుడు కాయ తెరపైనుండి ఎంత క్రిందికి జారెనో చూడవలెను. ఒక పూట ఎరువు తెచ్చియైనను ఈ పరీక్ష చేసి కొనుట యుక్తము. అరువిచ్చువాడు లేనిచో అంగడి వాకిట నిలబడియైనను చేయవచ్చును.

ఉప్పుగాలి, ఇసుక, బురద ఈ మూడును ఈ తీరమున తలకు శత్రువులు. ఇంటికి రాగానే మంచినీట తడిపి పిండిన గుడ్డతో తలను తుడిచి, ఆరబెట్టవలెను. ఉప్పునీట దిగిన కాళ్ళను విడదీసి మంచినీట కడుగవలెను. గుండునకు నూనె పూయరాదు. రాపిడివలననే అది పట్టుకొనునని మరచి, కీచుమనుచున్నదని కొబ్బరినూనె పోయువారు లేకపోలేదు. ఇక కోరంగి మడపాయలలో పడవపై స్టాండు నిలుపుట దండుగ. ఇంజను అదురు కాళ్ళగుండ నేరుగా కటకమున కెక్కును. అచ్చట గుడ్డసంచిలో బియ్యమో మినుములో పోసి, అంచుపై వేసి, దానిపై కటకము నానించుటయే మేలు. తడిసిన బియ్యము మొలకెత్తకున్నను కంపుకొట్టును గనుక, సాయంత్రము సంచి విప్పి ఎండబెట్టవలెను.

1978లో అభయారణ్యముగా ప్రకటింపబడిన కోరంగి మడఅడవులును, కాకినాడ అఖాతమును మొదలుకొని ఈ తీరమంతయు శీతకాలపు వలసపక్షులకు విడిది. సైబీరియాలో గ్రుడ్లు పెట్టు గ్రేట్ నాట్ అను ఉల్లంకి జాతి కాకినాడ ప్రాంతమున కనబడినది. అది ప్రపంచమున తగ్గిపోవుచున్న పక్షి. ఆసియా నీటిపక్షుల లెక్కింపు 1987 నుండి ఏటేట జనవరిలో జరుగుచున్నది. కొన్ని పక్షుల కాళ్ళకు శాస్త్రజ్ఞులు అక్షరములు గల రంగురంగుల బిళ్ళలు తొడిగి విడుతురు. ఆ అక్షరములు చదివి తెలిపినచో, ఆ పక్షి ఏ దేశమున బిళ్ళ తొడిగించుకొన్నదో, ఎన్నేండ్లు బ్రతికినదో తెలియును. బిళ్ళపై అక్షరము అయిదు మిల్లీమీటర్లనుకొనిన, పైలెక్క ప్రకారము నూరు మీటర్ల నుండి దాని వంతునకు అయిదు చుక్కలే, చదువుట కష్టము. ఏబది మీటర్ల నుండి పది చుక్కలు. నిలుకడ ఉన్నచో చదువవచ్చును. తల ఊగి పది చుక్కల మేర చెరిగిన, అది 'ఈ' యో 'ఎఫ్' యో ఎవరును చెప్పలేరు. అప్పుడు చిత్రకారుడు ఇంకొంచెము దగ్గరకు పోవును. పక్షి లేచిపోవును. దానితో గుంపంతయు లేచిపోవును. వేలమైళ్ళ ప్రయాణమునకై మేసి కూడబెట్టుకొన్న క్రొవ్వు ఆ వృథా ఎగురుటలో కొంత కరగిపోవును.

అందుచేత పక్షుల చిత్రములు తీయువారు పోటుకు ఒక గంట ముందే తిప్పకు చేరుదురు. నీరు పెరిగిన కొలది మేతనేల మునిగి, పక్షులు మిగిలిన ఇసుకమీదికి తామే దగ్గరకు వచ్చును. స్టాండుకాళ్ళు నేలకు ఆనునంతగా పరచి, కూర్చున్నవాని కంటిమట్టమునకు తలను దింపి, గింబల్ తూకము ముందే కుదుర్చుకొని, రెండు మరలను సగము బిగువుననుంచి ఉండవలెను. పక్షులు వచ్చిన తరువాత లేచి నిలుచుండరాదు. పోటు తిరిగి, ఇసుక తేలి, అవి మేతకు తరలిపోయిన పిమ్మటనే మరలు బిగించి, కటకమును విప్పుకొనవలెను.